ధర్మపురి: పీఠభూమి దిగే దారిలో

హైదరాబాదు, కర్నూలు, అనంతపురం మీదుగా బెంగుళూరు చేరి అక్కడి నుంచి కన్యాకుమారి దాకా సాగే 44వ నంబరు జాతీయ రహదారి మీద, బెంగుళూరుకు దక్షిణంగా సుమారు 130 కిలోమీటర్ల దూరంలో ఉంది ధర్మపురి. పళని, మధుర, రామేశ్వరం వెళ్ళే తెలుగు యాత్రికుల బస్సులు, కార్తిక మార్గశిర మాసాల్లో శబరిమలకు బయలుదేరిన అయ్యప్ప స్వాముల వాహనాలు ఏటా ఈ ఊరి పక్క నుంచే పోతాయి. చాలావరకు ఆగకుండానే పోతాయి. ఆగినవి హోగెనకల్ జలపాతం కోసం ఆగుతాయి. జలపాతం చూడవలసిందే. అయితే దాని చుట్టూ రెండు వేల ఏళ్ళ చరిత్ర ఉంది. అందులో తెలుగు నేలతో ముడిపడినదీ తక్కువేమీ కాదు.

ఊరి ఉనికిని చూస్తే ఆ చరిత్ర ఎందుకు అలా నడిచిందో అర్థమవుతుంది. ఉత్తరాన, పడమర మైసూరు పీఠభూమి. పడమటి హద్దులో మేలగిరి కొండలు, వాటి వెంట కావేరి. తూర్పున అరూరు వైపు చిత్తేరి కొండలు, దక్షిణ పినాకిని. దక్షిణాన తొప్పూరు కనుమ దిగితే సేలం మైదానం. పీఠభూమి నుంచి తమిళ దేశంలోకి దిగాలన్నా, అక్కడి నుంచి పైకి ఎక్కాలన్నా సైన్యాలకూ వర్తకులకూ పశువుల మందలకూ అనువైన దారుల్లో ఇదొకటి. అందుకే ఇక్కడ ఏ ఒక్క రాజవంశమూ ఎక్కువ కాలం నిలవలేదు. దాటిపోయిన వాళ్ళు మాత్రం ఏదో ఒకటి వదిలి వెళ్ళారు. తంజావూరులా ఒకే మహాలయం చూపించి ఇదీ మా వైభవం అని చెప్పుకోగల ఊరు కాదిది. ఇక్కడి చరిత్రను నాలుగు దిక్కులా తిరిగి ఏరుకోవాలి.

ధర్మపురి పాత పేరు తగడూరు. సంగం కాలంలో అదియమాన్ నెడుమాన్ అంజి అనే ప్రభువుకు ఇది రాజధాని. ప్రాచీన తమిళ కవయిత్రి అవ్వైయార్ అతని ఆస్థానంలో గడిపింది. ఆయుష్షు పెంచుతుందన్న అరుదైన ఉసిరికాయను తాను తినకుండా ఆమెకు ఇచ్చాడన్న కథ తమిళనాడులో బడి పిల్లలందరికీ తెలుసు. ఆ దానాన్ని కీర్తిస్తూ అవ్వైయార్ చెప్పిన పద్యం 'పురనానూరు' సంకలనంలో ఉంది. అదియమాన్ పూర్వికులు చెరకును ఈ దేశానికి తెచ్చారన్న ప్రస్తావన కూడా అదే సంకలనంలో కనిపిస్తుంది. అతను కోవలూరును, అంటే నేటి తిరుక్కోయిలూరును, గెలిచాడు. చివరికి చేర రాజు పెరుంజేరల్ ఇరుంపొరై తగడూరు కోటను ముట్టడించి నేలమట్టం చేశాడు. ఆ యుద్ధం మీద 'తగడూర్ యాత్తిరై' అనే కావ్యమే పుట్టింది. అది పూర్తిగా దొరకలేదు, కొన్ని పద్యాలే మిగిలాయి.

అదియమాన్ కవుల ఊహ కాదని చెప్పే ఆధారం 1981లో బయటపడింది. తిరుక్కోయిలూరుకు దగ్గరలోని జంబై గ్రామంలో, కొండ గుహలో, తమిళ బ్రాహ్మి లిపిలో ఒక చిన్న శాసనం దొరికింది. సతియపుత్రుడైన అదియన్ నెడుమాన్ అంజి ఇచ్చిన నివాసం ఇది అని దాని భావం. అశోకుడు తన రెండవ శిలాశాసనంలో తన రాజ్యం వెలుపలి దక్షిణాది పొరుగువారుగా చోళులు, పాండ్యులు, కేరళపుత్రులతో పాటు సతియపుత్రుల పేరూ చెప్పాడు. ఈ సతియపుత్రులు ఎవరన్నది అంతవరకు పండితుల మధ్య వివాదంగా ఉండేది. జంబై శాసనంతో వారు తగడూరు అదియమానులేనని తేలింది. అశోకుడి ఆ శాసనం చెక్కి ఉన్న చోట్లలో కర్నూలు జిల్లా ఎర్రగుడి ఒకటి. ఎర్రగుడి బండ మీద పేరు కనబడిన వంశం ఏలిన ఊరు ధర్మపురి అని తెలిస్తే, రాయలసీమ నుంచి వచ్చే విద్యార్థి బృందానికి ఈ ప్రయాణం తమ ఇంటి దగ్గరే మొదలైనట్టు అనిపిస్తుంది.

తగడూరు కోట ఆనవాళ్ళు ఇప్పుడు దాదాపు లేవు. ధర్మపురికి సుమారు 7 కిలోమీటర్ల దూరంలో, సేలం దారిలో ఉన్న అదియమాన్‌కోట్టై అనే ఊరు పేరులో మాత్రం ఆ జ్ఞాపకం నిలిచింది. అదియమానుకూ అవ్వైయారుకూ తమిళనాడు ప్రభుత్వం కట్టిన స్మారక మందిరం అక్కడే ఉంది. బడి పిల్లల విహారయాత్రలు ఎక్కువగా ఇక్కడి నుంచే మొదలవుతాయి.

సంగం యుగం తర్వాతి శతాబ్దాలను తెలుసుకోవడానికి రాజుల శాసనాలకంటే వీరగల్లులు ఎక్కువ పనికివస్తాయి. ధర్మపురి, కృష్ణగిరి, చెంగం ప్రాంతాల్లో దొరికినన్ని వీరగల్లులు తమిళనాడులో మరోచోట అరుదు. వీటిని తమిళంలో నడుకల్ అంటారు. పశువుల మందను పొరుగువారు తోలుకుపోతుంటే అడ్డుపడి చనిపోయినవాడు, మందను తోలుకురావడానికి వెళ్ళి తిరిగిరానివాడు, ఊరి కోసం పోరాడినవాడు ఈ రాళ్ళ మీద విల్లు, కత్తి పట్టుకుని నిలబడి ఉంటారు. పల్లవుల కాలానికి చెందిన వాటిలో వట్టెళుత్తు లిపిలో నాలుగైదు పంక్తులుంటాయి: ఏ రాజు పాలనలో ఎన్నో ఏట, ఎవరి సేవకుడు, ఏ పోరులో పడిపోయాడు. గొప్పవారి పొగడ్తలు కావివి. మామూలు మనిషి పేరు, అతను చనిపోయిన కారణం. 1970లలో తమిళనాడు పురావస్తు శాఖ ఆర్. నాగస్వామి ఆధ్వర్యంలో వీటిని గాలించి, చదివి, ప్రచురించింది. చుట్టుపక్కల పొలాల నుంచి తెచ్చిన కొన్నింటిని ధర్మపురిలోని పురావస్తు ప్రదర్శనశాలలో ఉంచారు. ఊళ్ళలోనే మిగిలిన రాళ్ళు చాలాచోట్ల ఇప్పటికీ పూజలందుకుంటున్నాయి. వాటిని వేడియప్పన్ అని పిలిచి పొంగలి పెడతారు.

చిత్తూరు సీమలోని పుంగనూరు, పలమనేరు ప్రాంతాల్లోనూ ఇలాంటి వీరగల్లులే కనిపిస్తాయి. బాణులు, వైదుంబులు, నోలంబులు అనే పాలక వంశాలవారు ఒకరి పశువులను ఒకరు తోలుకుపోయిన ఆ కాలంలో అక్కడికీ ఇక్కడికీ మధ్య సరిహద్దు గీత అంటూ ఏమీ లేదు. అక్కడి శాసనాలు తెలుగులోనో కన్నడంలోనో ఉంటాయి, ఇక్కడివి తమిళంలో ఉంటాయి. చనిపోయిన తీరు మాత్రం ఒకటే. బృందాలుగా వచ్చేవారిలో అధిక భాగం ఈ ప్రదర్శనశాలను వదిలేస్తారు. ధర్మపురిలో ఒక్క గంట మాత్రమే ఉన్నవారు చూడవలసింది నిజానికి ఇదే.

9వ శతాబ్దంలో తగడూరు నోలంబుల చేతికి వచ్చింది. నోలంబుల రాజధాని హెంజేరు. అంటే నేటి శ్రీ సత్యసాయి జిల్లా అమరాపురం మండలంలోని హేమావతి. ఇప్పుడు చిన్న పల్లెగా ఉన్న ఆ చోటి నుంచి వారు అనంతపురం, చిత్రదుర్గం, తుమకూరు, కోలారు ప్రాంతాలతో పాటు ఒక దశలో ధర్మపురి దాకా ఏలారు. నోలంబ మహేంద్రుడి కాలానికి చెందిన 878, 893 సంవత్సరాల కన్నడ శాసనాలు ధర్మపురిలో దొరికాయి. రెండవది తగడూరులోని జైన బసదికి చేసిన దానం గురించి చెబుతుంది. ఆ బసదిని కట్టించింది వర్తక కుటుంబానికి చెందిన సోదరులు. దారి మీది ఊరు కనుక వర్తకులుండటం, వర్తకులుంటే జైనం ఉండటం ఆనాటి దక్షిణ దేశంలో సహజమే.

ఆ కాలపు గుర్తులు పట్టణంలోని కోట ప్రాంతంలో ఉన్నాయి. కోట ఇప్పుడు పేరుకే. లోపలి ఆలయాలు మాత్రం నిలిచాయి. వాటిలో ముఖ్యమైనది కామాక్షీ సమేత మల్లికార్జునస్వామి గుడి. పలకలు పలకలుగా తీర్చి, నడుమ కలశంలా గుండ్రంగా చెక్కిన నోలంబ శైలి స్తంభాలు ఇక్కడ చూడవచ్చు. నేలకు పూర్తిగా ఆనని స్తంభాన్ని ఇక్కడివారు వచ్చినవారికి ప్రత్యేకంగా చూపిస్తారు. లేపాక్షిలో వేలాడే స్తంభాన్ని చూసిన తెలుగువారికి ఇది వెంటనే గుర్తుకొస్తుంది. లేపాక్షి గుడి 16వ శతాబ్దిది, విజయనగర కాలపుది. ఇక్కడి స్తంభాల శైలి దానికంటే ఎన్నో వందల ఏళ్ళు పాతది. గుడి ఇరుకు వీధుల మధ్య ఉంది. పెద్ద బస్సుల్లో వచ్చిన బృందాలు ప్రధాన రహదారి దగ్గర దిగి నడిచి వెళ్ళడమే సులువు. కోటలోనే వరమహాలక్ష్మీ సమేత పరవాసుదేవస్వామి ఆలయం కూడా ఉంది.

10వ శతాబ్దం చివరికి నోలంబుల బలం తగ్గింది. మొదట గంగరాజు మారసింహుడు వారిని దెబ్బతీసి నోలంబకులాంతకుడన్న బిరుదు పెట్టుకున్నాడు. తర్వాత రాజరాజ చోళుడు నుళంబపాడిని జయించానని తన ప్రశస్తిలో చెప్పుకున్నాడు. విజయ చిహ్నంగా నోలంబుల స్తంభాలను చోళులు కావేరి తీరానికి తరలించారు. వాటిని తిరువైయారు ఆలయంలో నేటికీ చూడవచ్చు. హేమావతి శిల్పం ధర్మపురి దాటి తంజావూరు సీమకు చేరింది కూడా ఈ దారినే కావచ్చు.

చోళుల తర్వాత హొయసలులు, ఆ తర్వాత విజయనగర ప్రభువులు ఈ ప్రాంతాన్ని ఏలారు. అదియమాన్‌కోట్టైలోని చెన్నరాయ పెరుమాళ్ ఆలయం విజయనగర కాలపు అభిరుచిని చూపే చోటు. దాని మండపం లోపలి కప్పు మీద రామాయణ, భారత కథల చిత్రాలు వరుసగా గీసి ఉన్నాయి. ఎర్రమట్టి రంగు, నల్లని గీతలు, పక్క నుంచి చూపిన ముఖాలు, పొడవాటి కళ్ళు, నడుముకు కట్టిన గళ్ళ వస్త్రాలు. లేపాక్షి చిత్రాలంత పెద్దవి కావు, అంత మెరుగ్గా మిగలనూ లేదు. అయినా తమిళనాడులో ఇలాంటి కప్పు చిత్రాలు నిలిచిన చోట్లు లెక్కపెట్టదగినన్నే. తలెత్తి చాలాసేపు చూడవలసిన బొమ్మలు కాబట్టి బృందం చిన్నదైతేనే వీటికి న్యాయం జరుగుతుంది. యాభై మంది ఒకేసారి లోపలికి వెళ్తే మండపం చీకటిగా మారి ఎవరికీ ఏమీ కనిపించదు.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని పెనుకొండకు మారింది. 1577లో బిజాపురు సైన్యం పెనుకొండను ముట్టడించినప్పుడు కోటను కాపాడినవాడు జగదేవరాయలు. ఆ సేవకు ప్రతిఫలంగా అతనికి దక్కిన సీమ బారామహల్. అంటే నేటి కృష్ణగిరి, ధర్మపురి, తిరుపత్తూరు ప్రాంతాలు. పన్నెండు కోటల సీమ అని దానికి పేరు. జగదేవి అనే ఊరు ఆ వంశం గుర్తుగా కృష్ణగిరి జిల్లాలో నేటికీ ఉంది. విజయనగర సైన్యాలతో, పాలెగాళ్ళతో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తోడు, పశువుల కాపరులుగా, నేతగాళ్ళుగా, రైతులుగా వచ్చినవారూ ఉన్నారు. హొసూరు, కృష్ణగిరి వైపు ఊళ్ళకు ఊళ్ళే తెలుగు మాట్లాడతాయి. ధర్మపురి వైపు తమిళం హెచ్చు. అయినా తెలుగు, కన్నడం ఇంటి భాషలుగా ఉన్న కుటుంబాలు అక్కడా తక్కువ కావు. తెలుగు యాత్రికుడు టీ కొట్టు దగ్గర తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు రావడం ఇక్కడ వింత కాదు.

17వ శతాబ్దంలో మైసూరు ఒడయార్లు, 18వ శతాబ్దంలో హైదర్ అలీ, టిప్పు సుల్తాన్ ఈ సీమను ఏలారు. మొదటి మైసూరు యుద్ధంలో ధర్మపురి కోట ఇంగ్లీషువారికీ హైదరుకూ మధ్య చేతులు మారింది. 1792లో శ్రీరంగపట్నం సంధితో బారామహల్ మొత్తం ఈస్టిండియా కంపెనీ పరమైంది. గవర్నర్ జనరల్ కారన్‌వాలిస్ దాన్ని కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్ చేతిలో పెట్టాడు. రీడ్ సహాయకుల్లో ఒకడు థామస్ మన్రో.

మన్రో 1792 నుంచి 1799 దాకా, ఏడేళ్ళపాటు, ఈ సీమలో పనిచేశాడు. ధర్మపురి అతని కేంద్రం. ఊరూరా తిరిగి, పొలం పొలం కొలిపించి, రైతుతో నేరుగా మాట్లాడి శిస్తు నిర్ణయించే పద్ధతిని రీడ్, మన్రో ఇక్కడే మొదలుపెట్టారు. రైత్వారీ అని పేరు పడ్డ ఆ విధానం బెంగాలులో అప్పుడే అమలైన శాశ్వత జమీందారీ పద్ధతికి పూర్తిగా భిన్నమైనది. మధ్యలో జమీందారు లేడు. శిస్తు మాత్రం భారంగానే ఉండేది, కరువు వచ్చిన ఏడు కూడా కనికరం తక్కువగానే ఉండేది. అందుకే రైత్వారీని ఒక వరంగా చెప్పడం సరికాదు. కానీ భూమి ఎవరి పేరున ఉంది, ఎంత ఉంది, ఎలాంటిది అన్న లెక్క రైతు పేరు మీద రాయడం దక్షిణ దేశంలో ఇంత పెద్ద ఎత్తున మొదలైంది బారామహల్‌లోనే. ఇక్కడ నేర్చిన పాఠంతో మన్రో 1800లో దత్త మండలాలకు వెళ్ళాడు. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాల్లో ఏడేళ్ళు కలెక్టరుగా ఉండి, పిల్లలకు మండ్రోలప్ప అని పేరు పెట్టుకునేంతగా రాయలసీమ జనం జ్ఞాపకంలో మిగిలాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827లో కలరా సోకి పత్తికొండలో చనిపోయాడు. అశోకుడి శాసనం ఉన్న ఎర్రగుడి కూడా పత్తికొండ ప్రాంతంలోనిదే. ధర్మపురి కథ రెండుసార్లు అదే చోటికి చేరడం యాదృచ్ఛికం కావచ్చు, గుర్తుంచుకోదగిన యాదృచ్ఛికం.

కంపెనీ పాలనలో ఈ ప్రాంతం సేలం జిల్లాలో భాగమైంది. వర్షాధారపు నేల, రాగి, జొన్న పంటలు, చింత తోపులు. కరువులు తరచు వచ్చేవి. 1906లో మొరప్పూరు నుంచి ధర్మపురికి చిన్న పట్టాల రైలు వేశారు. 1913లో దాన్ని హొసూరు దాకా పొడిగించారు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆ పట్టాలను పీకేశారు. సంతలకూ గుళ్ళకూ రైల్లో గుంపులుగా పోయే అలవాటు దాంతో ఆగిపోయింది. మళ్ళీ ఎద్దుబండ్లు, తర్వాత బస్సులు. 1965 అక్టోబరు 2న సేలం నుంచి విడదీసి ధర్మపురిని ప్రత్యేక జిల్లా చేశారు. 2004లో దాని నుంచి కృష్ణగిరి విడిపోయింది. 2011 జనాభా లెక్కల ప్రకారం ధర్మపురి జిల్లా జనం సుమారు 15 లక్షలు.

స్వాతంత్ర్యోద్యమ కాలానికి చెందిన మరో చోటు పాప్పారపట్టి. తమిళ స్వాతంత్ర్య సమరయోధుడు సుబ్రమణ్య శివ 1908లో వి.ఓ. చిదంబరం పిళ్ళైతో పాటు రాజద్రోహ నేరం కింద జైలుకు వెళ్ళాడు. జైల్లో కుష్ఠు సోకింది. ఆ వ్యాధి ఉన్నవారిని రైలెక్కనివ్వని రోజులవి. ఆయన ఊరూరా నడిచి తిరుగుతూ ఉపన్యాసాలిచ్చాడు. చివరికి పాప్పారపట్టిలో ఆశ్రమం పెట్టుకుని, కులమతాల తేడా లేకుండా అందరూ వచ్చే భారతమాత ఆలయం కట్టాలనుకున్నాడు. 1923లో చిత్తరంజన్ దాస్ వచ్చి దానికి శంకుస్థాపన చేశాడు. గుడి లేవకముందే, 1925 జూలై 23న, శివ అక్కడే కన్నుమూశాడు. ఆయన స్మారకం ఆ ఊళ్ళో ఉంది. భారతమాత మందిరం దాదాపు శతాబ్దం తర్వాత ప్రభుత్వం చేతుల మీదుగా పూర్తయింది. జలపాతానికి వెళ్ళే బృందాలు కాస్త పక్కకు తిరిగితే చూడగల చోటిది. ఉపాధ్యాయులు పిల్లలను ఇక్కడికి తప్పక తీసుకురావాలి.

గుంపులుగా ప్రయాణం చేయడం ధర్మపురికి పర్యాటక శాఖ నేర్పినది కాదు. తీర్థమలై యాత్ర అంతకంటే ఎంతో పాతది. అరూరుకు సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని ఈ కొండ మీద తీర్థగిరీశ్వరుడి గుడి ఉంది. 15వ శతాబ్దపు కవి అరుణగిరినాథర్ తన తిరుప్పుగళ్‌లో ఈ క్షేత్రాన్ని పాడాడు. రావణ వధ తర్వాత శివపూజ చేయబోయిన రాముడికి హనుమంతుడు గంగ తేవడంలో ఆలస్యమైందట. రాముడు బాణం వేస్తే కొండ నుంచి నీళ్ళు ఉబికాయట. ఆలస్యంగా వచ్చిన హనుమంతుడు తాను తెచ్చిన నీటిని విసిరేస్తే అది దక్షిణ పినాకిని ఒడ్డున పడి హనుమతీర్థమైందని స్థలపురాణం. యాత్రికులు ఆ వరుసనే పాటిస్తారు. ముందు హనుమతీర్థంలో ఏటి స్నానం, తర్వాత మెట్లెక్కి రామతీర్థం. కొండ చరియ పైనుంచి సన్నని ధారగా పడే ఆ నీటి కింద వంతులవారీగా నిలబడతారు. కుమార, గౌరి, అగస్త్య, అగ్ని తీర్థాల పేర్లతో మరికొన్ని ఊటలు గుడి దగ్గరే ఉన్నాయి. మహాశివరాత్రి ఉన్న మాసి నెలలో జనం విరగబడతారు. ఎండాకాలంలోనూ ఎండని ధార కావడమే, కరువు సీమలో ఈ కొండకు ఇంత మహిమ రావడానికి కారణమై ఉండాలి.

కొత్తగా జనం పెరిగిన చోటు అదియమాన్‌కోట్టై కాలభైరవుడి గుడి. అదియమాన్ కాలపు గుడి అని స్థానికుల నమ్మకం. బహుళాష్టమి నాడు బూడిద గుమ్మడికాయను రెండుగా కోసి, నూనె పోసి, దీపం వెలిగించడం ఇక్కడి మొక్కు. కర్ణాటక, ఆంధ్ర నుంచి కూడా బస్సులు కట్టించుకుని వస్తారు. ధర్మపురి పట్టణంలోని కుమారస్వామిపేట శివసుబ్రమణ్యస్వామి ఆలయంలో తైపూస ఉత్సవానికి మరో ప్రత్యేకత ఉంది. అక్కడ రథం తాళ్ళు పట్టి లాగేది ఆడవాళ్ళే.

ఇక హోగెనకల్. ధర్మపురికి పడమరగా, పెన్నాగరం మీదుగా 46 కిలోమీటర్లు. మేకెదాటు దాటి కొండల సందుల్లోంచి వచ్చిన కావేరి ఇక్కడ ఒక్కసారిగా పాయలు పాయలుగా చీలి రాతి లోయలోకి దూకుతుంది. ఒక పెద్ద జలపాతం కాదిది. నీరు ఎక్కడెక్కడ సందు దొరికితే అక్కడల్లా పడే ధారల గుంపు. చుట్టూ ఉన్న శిలల్లో కార్బొనటైట్ అనే అరుదైన రకం ఉంది. దాని వయసు సుమారు 240 కోట్ల ఏళ్ళని భూవిజ్ఞానులు లెక్కగట్టారు. ప్రపంచంలోని అతి పాత కార్బొనటైట్లలో ఇదొకటి. చిన్నారు అనే వాగు ఇక్కడే కావేరిలో కలుస్తుంది. నదికి అవతలి ఒడ్డు కర్ణాటక.

ఇక్కడికి మొదట జనాన్ని తెచ్చింది తమిళుల ఆడి నెల పద్దెనిమిదో రోజు. జూలై మధ్యలో మొదలయ్యే ఆ నెలలో, కొడగు కొండల మీద కురిసిన వాన కావేరిని నింపే వేళ, నది ఒడ్డున స్నానం చేసి, కావేరమ్మకు పసుపు, కుంకుమ, పూలు, చలిమిడి లాంటివి సమర్పించి, ముత్తైదువలు కొత్త పసుపుతాడు కట్టుకుంటారు. చుట్టుపక్కల ఊళ్ళవారు గ్రామదేవతల విగ్రహాలను, ఆయుధాలను తెచ్చి ఏటిలో కడుగుతారు. చిత్రాన్నం మూటలు విప్పి గుంపులు గుంపులుగా రాళ్ళ మీద కూర్చుని తింటారు. ప్రభుత్వం ఇప్పుడు దీన్ని ఆడిపెరుక్కు ఉత్సవంగా జరుపుతోంది. పర్యాటకం వచ్చాక పుట్టిన పండగ కాదిది. పండగ ఉన్న చోటికే పర్యాటకం వచ్చింది.

పరిసల్ అనే గుండ్రటి తెప్ప లేకుండా హోగెనకల్ లేదు. కృష్ణ, తుంగభద్ర రేవుల్లో తెలుగువారు వాడే పుట్టి ఇదే. వెదురు బద్దలతో అల్లి, ఒకప్పుడు తోలు, ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి, తారు పూస్తారు. ఇది సరదా కోసం పుట్టిన పడవ కాదు. రెండు ఒడ్డుల పల్లెల మధ్య మనుషులను, ధాన్యాన్ని, మేకలను దాటించడానికీ, చేపలు పట్టడానికీ వాడినది. సుడులున్న చోట పొడవాటి పడవ తిరగబడుతుంది, గుండ్రటిది సుడితో పాటు తిరిగి బయటపడుతుంది. నడిపేవాడికి ఒకే ఒక్క తెడ్డు. ఏ రాయి ఏ నీటిమట్టానికి మునుగుతుందో, ఏ సందులో అడుగు లాగుతుందో తండ్రి పక్కన కూర్చుని నేర్చుకున్న విద్య అది. లోయలో ఎత్తైన రాతి గోడల నడుమ ఆ తెప్ప సాగుతుంటే పైనుంచి నీటి తుంపర మీద పడుతుంది. 1992లో వచ్చిన మణిరత్నం 'రోజా' సినిమాలో తెలుగు ప్రేక్షకులకు 'చిన్ని చిన్ని ఆశ' పాటగా తెలిసిన దృశ్యాలు చాలావరకు ఇక్కడ తీసినవే. ఆ పాట తర్వాత హోగెనకల్ పేరు తమిళనాడు దాటి పాకింది.

పరిసళ్ళు తిరగబడి పర్యాటకులు చనిపోయిన ప్రమాదాలు జరిగాయి. ఆ తర్వాత రక్షణ కవచం తప్పనిసరి చేశారు, ఒక తెప్పలో ఎక్కేవారి సంఖ్యకు హద్దు పెట్టారు. పెద్ద బృందాలు నాలుగైదు తెప్పలుగా విడిపోవాలి. అందరం ఒకే దాంట్లో ఎక్కుతామని పట్టుబట్టడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే.

మిగతా రెండు ఆకర్షణలు నూనె మర్దన, చేపలు. ఒడ్డున రాళ్ళ మీద పడుకోబెట్టి నువ్వుల నూనెతోనో ఆముదంతోనో ఒళ్ళంతా పట్టి, ఆ తర్వాత జలపాతం కింద నిలబెట్టడం ఇక్కడి పాత పద్ధతి. తరాలుగా ఇదే వృత్తిగా బతుకుతున్నవారున్నారు. బొచ్చె, శీలావతి లాంటి చేపలు కొని వంట చేసే ఆడవాళ్ళ చేతికిస్తే, తెప్ప ప్రయాణం ముగించుకుని వచ్చేసరికి కారం పట్టించి వేయించి, అన్నం పులుసుతో సిద్ధం చేస్తారు. తెప్ప నడిపేవారు, మర్దన చేసేవారు, వండిపెట్టేవారు, మొసళ్ళ సంరక్షణ కేంద్రం దగ్గర చిల్లర దుకాణాలవారు అంతా నదిలో నీళ్ళున్నంత కాలమే సంపాదిస్తారు.

నీళ్ళు ఎంత వస్తాయన్నది ఎగువన తేలుతుంది. కర్ణాటక వదిలే నీటిని కొలిచే కేంద్రం ఇక్కడికి ఎగువనున్న బిలిగుండ్లు. 2018 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం అక్కడ తమిళనాడుకు ఏటా 177.25 టీఎంసీలు అందాలి. వేసవిలో ధారలు సన్నబడి రాళ్ళు తేలతాయి. జూలై, ఆగస్టుల్లో ప్రవాహం లక్ష క్యూసెక్కులు దాటిన రోజులూ ఉన్నాయి. వరద వస్తే జిల్లా యంత్రాంగం స్నానాలు, తెప్పలు ఆపేస్తుంది. ఆ నిషేధం వారాల తరబడి ఉండవచ్చు. ఆడి పండక్కి వచ్చి నీళ్ళు తాకకుండా వెళ్ళిన ఏళ్ళూ ఉన్నాయి. దిగువన 1934లో పూర్తయిన మేట్టూరు ఆనకట్ట నిండితే ఆ నీరు వెనక్కి హోగెనకల్ దగ్గరి దాకా పరుచుకుంటుంది.

ఇంత నీటి పక్కనే ఉన్న జిల్లా దశాబ్దాలపాటు ఫ్లోరైడు కలిసిన బోరు నీళ్ళు తాగింది. పసుపు గార పట్టిన పళ్ళు, వంగిన ఎముకలు నల్గొండ ప్రజలకు తెలిసినట్టే ఇక్కడివారికీ తెలుసు. హోగెనకల్ నుంచి ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు తాగునీరిచ్చే పథకానికి 2008లో శంకుస్థాపన జరిగింది. కర్ణాటకలో నిరసనలు రేగాయి. జపాన్ సంస్థ రుణంతో, సుమారు 1,900 కోట్ల రూపాయల వ్యయంతో కట్టిన ఆ పథకం 2013లో మొదలైంది. జలపాతం చూసి వెళ్ళే అతిథికి కనిపించని పని ఇది. ఈ జిల్లాలో స్వాతంత్ర్యం తర్వాత జరిగిన పెద్ద మేలు మాత్రం ఇదే.

చుట్టూ ఉన్న అడవికి ఒకప్పుడు గంధపు చెట్ల దొంగ వీరప్పన్ భయం ఉండేది. 2004 అక్టోబరు 18న పాప్పారపట్టి దగ్గర అతన్ని పోలీసులు కాల్చి చంపాక ఆ భయం తీరింది. 2014లో కావేరి ఉత్తర వన్యప్రాణి అభయారణ్యం, 2022లో కావేరి దక్షిణ అభయారణ్యం ఏర్పడ్డాయి. ఈ అడవి ఏనుగులు తిరిగే దారి. కొండ ఇష్టపడేవారికి వత్తల్మలై ఉంది. మలయాళీ అనే గిరిజనులు కాఫీ, చిరుధాన్యాలు పండించే ఆ కొండకు తారు రోడ్డు పడింది ఇటీవలే. పెద్ద బస్సులకు ఆ మలుపులు కుదరవు, చిన్న వాహనాలు మాట్లాడుకోవాలి.

బృందంగా వచ్చేవారికి రెండు రోజులు చాలు. మొదటి రోజు పొద్దున్నే కోట గుడి, ప్రదర్శనశాల, అదియమాన్‌కోట్టై చూసుకుని, మధ్యాహ్నం తర్వాత అరూరు వైపు తీర్థమలైకి వెళ్ళవచ్చు. రెండో రోజు పాప్పారపట్టి మీదుగా హోగెనకల్. బయలుదేరే ముందు ప్రవాహం ఎంత ఉందో, తెప్పలు తిరుగుతున్నాయో లేదో కనుక్కోవాలి. పెన్నాగరం దారిలో సాయంత్రం పూట ఏనుగులు రోడ్డు దాటుతాయి కనుక తిరుగు ప్రయాణం పొద్దుండగానే పెట్టుకోవాలి.